ఎనిమిదో బాక్సు

మా ఆయన పేరు పానకాలు. పుట్టింది మంగళగిరి, బతికింది చీరాల, పోయింది నరసరావుపేటలో ఒక ఫంక్షన్ హాలు మెట్ల మీద, రెండో అంతస్తుకీ మూడో అంతస్తుకీ మధ్య. ఆ రోజు ఆయన్ని కిందికి దించి ఆటోలో పడుకోబెట్టిన చేతులే మళ్ళీ వెనక్కి వెళ్ళి, ఆయన సగందాకా మోసుకొచ్చిన స్పీకర్ బాక్సును పైకి చేర్చాయి. పన్నెండింటికి పాటలు మొదలయ్యాయి. పెళ్ళి కదా, ఆగదు.

ఆయన ఆర్కెస్ట్రాలో బేస్ వాయించేవాడు. మెడలో తగిలించుకునే కరెంటు బేస్ గిటారు ఒకటి, మనిషికన్నా ఎత్తుగా నిలబడే కొయ్య బేస్ ఒకటి. మా వీధిలో ఆ రెండోదాన్ని పెద్ద ఫిడేలు అంటారు. శవం ఇంటికొచ్చిన మర్నాడు ఆ రెండూ వచ్చాయి, వాటితోపాటు బాక్సు కూడా వచ్చింది. నల్ల రెగ్జిను తొడిగిన బాక్సు, నా రొమ్ము ఎత్తు. మిర్చి యార్డుకి వెళ్ళే టిక్కీ బస్తా ఎంత బరువో, దానికి ఒకటిన్నర. నలుగురు పట్టి దించి వసారాలో గోడకి ఆనించి పోయారు.

పెద్దకర్మ అయిన నాలుగో రోజున కోటేష్ వచ్చాడు. ఆర్కెస్ట్రా అతనిదే. మా ఆయన్ని అన్నా అనేవాడు, నన్ను వదినా అంటాడు. మంచినీళ్ళు తాగి, ఫొటోకి దణ్ణం పెట్టి, చెప్పదల్చుకున్నది చెప్పాడు.

"వదినా, అన్న స్థానంలో బయటివాణ్ణి పెట్టుకోవటానికి నాకు మనసొప్పటం లేదు. అఖిలకి రెండూ వచ్చుగా. పంపించండి."

అఖిల మా ఒక్కతే కూతురు. డిగ్రీ అయిపోయింది. వాళ్ళ నాన్న దగ్గరే నేర్చుకుంది.

"ఆడపిల్ల బేస్ వాయిస్తే స్టేజీకి కూడా అందం" అన్నాడు కోటేష్. "బాక్సు ఎలాగూ మీ దగ్గరే ఉంది. పెళ్ళి రోజున వ్యాన్ పంపిస్తా, బాక్సుతో సహా వచ్చేస్తుంది."

"పైకి ఎవరు ఎక్కిస్తారు?" అన్నాను.

"ఎవరి సామాను వాళ్ళు చూసుకుంటారుగా వదినా. సాయం పడతాంలెండి."

నేనింకేదో అనేలోగా అఖిల అంది, "వస్తాను బాబాయ్. నాన్న మోశాడు, నేనూ మోస్తా."

నలభై ఆరు కిలోల పిల్ల. నాకు అన్నం సహించకుండా పోయింది ఆయన పోయిన రోజున కాదు, ఆ మాట విన్న రోజున. ఆ బాక్సు నా కూతురు ఎత్తకూడదు. నాకు అప్పటినుంచీ అదొక్కటే పని.

ఆయన సంగతి కొంచెం చెప్తాను. మంగళగిరిలో వాళ్ళది మగ్గం ఇల్లు. పదహారేళ్ళప్పుడు చీరల మూట పట్టుకుని తెనాలి వెళ్ళాడట. అక్కడ ఒక అరుగు మీద యలమందయ్య అనే ముసలాయన ఈ పెద్ద ఫిడేలు వాయిస్తున్నాడు. మద్రాసు స్టూడియోల్లో ముప్పై ఏళ్ళు వాయించి, అక్కడ ఆ వాద్యానికి పని లేకుండా పోయాక ఊరికి తెచ్చుకున్నాడు. ఈయన మూట దించి, పొద్దుగూకేదాకా అక్కడే కూర్చున్నాడు. "ఏరా, చీరలు అమ్మటానికొచ్చావా, అరుగు అరగదియ్యటానికొచ్చావా?" అన్నాడట యలమందయ్య. అని, చెయ్యి చూపించమన్నాడట. పడుగు దారాలు సర్దిన వేళ్ళు. దారం ఎంత బిగువుందో చూడకుండానే చెప్పే వేళ్ళు. సరే రమ్మన్నాడు.

మా వాళ్ళలో అమావాస్య నాడు మగ్గం ముట్టరు. ఆ ఒక్క రోజే సెలవు. కాబట్టి ఆయనకి పాఠం అమావాస్యకి అమావాస్యకి జరిగేది. ఏడాదికి పన్నెండు పాఠాలు. అలా తొమ్మిదేళ్ళు. యలమందయ్య పోతూ పోతూ ఆ ఫిడేలు ఈయనకే ఇమ్మని చెప్పి పోయాడు. పెళ్ళయిన కొత్తలో తెలియక దాని మెడ మీద తడితువ్వాలు ఆరేశాను. ఆయన నన్నేమీ అనలేదు. తువ్వాలు తీసి, ఆ చెక్కని తన పంచెతో తుడుస్తూ, "మీ నాన్న మెడ మీద కూడా ఇలాగే ఆరేస్తావా?" అన్నాడు. అంతకన్నా పెద్దమాట నన్ను ఇరవై ఆరేళ్ళలో అనలేదు. ఎవర్నీ అనలేదు. నాకు కోపం వచ్చేది అక్కడే. అనాల్సిన వాళ్ళని కూడా అనలేదు.

ఆర్కెస్ట్రాలో పెద్ద ఫిడేలుకి ఒక్క పాటే. పెళ్ళికూతురు మండపంలోకి నడిచొచ్చేటప్పుడు మెల్లగా వాయించే పాట. మిగతా పాటలన్నిటికీ కరెంటు బేసే. ఆ ఒక్క పాట కోసం ఆయన అంత కొయ్యనీ మోసుకుపోయేవాడు. నడుముకి కొబ్బరినూనెలో కర్పూరం కలిపి రాస్తూ నేను పోరేదాన్ని. "ఆ బాక్సన్నా మానుకోకూడదూ? ఇప్పుడు చిన్నవి వస్తున్నాయని అఖిల ఫోన్‌లో చూపించిందిగా. రెండు బేసులకీ ఒకటే సరిపోతుందంటగా."

"పెళ్ళివాళ్ళు బాక్సులు లెక్కపెడతారే" అనేవాడు. "ఎనిమిది మాట్లాడుకుంటే ఎనిమిది కనపడాలి."

ఇది మా వైపు ఉన్నదే. పాట ఎవరు పాడతారని అడగరు, ఎన్ని బాక్సులని అడుగుతారు. యార్డులో టిక్కీలు లెక్కపెట్టినట్టే, ఆడపెళ్ళివారి తరపున ఒకాయన స్టేజీ ఎక్కి, వేలు పెట్టి ఒకటి, రెండు అని లెక్కపెడతాడు. కొందరు తట్టి కూడా చూస్తారు. అవతలి వియ్యంకుడి ఇంట్లో ఆరు పెడితే వీళ్ళు ఎనిమిది పెడతారు.

కోటేష్ వచ్చి వెళ్ళిన సాయంత్రం అఖిల సాధన చేద్దామని బాక్సుకి వైరు పెట్టింది. ఎర్ర లైటు వెలిగింది. పెద్ద ఫిడేలు తీగ మీటితే చెక్కలోంచి ఎంత వస్తుందో అంతే వచ్చింది, బాక్సులోంచి ఏమీ రాలేదు. కరెంటు బేస్ పెట్టింది. అదీ అంతే. వైరు మార్చింది. ప్లగ్గు మార్చింది.

"మెట్ల మీద దెబ్బ తగిలిందేమో" అంది.

గౌస్ బాషాకి ఫోన్ చేశాం. చీరాల స్టేషన్ దగ్గర స్పీకర్లు బాగుచేస్తాడు. మా ఆయనకి చిన్నప్పటి స్నేహితుడిలాంటివాడు. వచ్చాడు కానీ సంచి దించలేదు. బాక్సు వైపు చూసి, నా వైపు చూసి, గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

"విప్పి చూడు బాషా" అన్నాను.

"విప్పక్కర్లేదు వదినా."

"అంటే?"

"లోపల కాయిల్ కాలిపోయింది. అన్న నా దగ్గరికే తెచ్చాడు."

"ఎప్పుడు?"

బాషా సంచి ఆ భుజం నుంచి ఈ భుజానికి మార్చుకున్నాడు. అఖిల గట్టిగా అడిగింది. "ఎప్పుడు మామయ్యా?"

"నాలుగేళ్ళయిందమ్మా."

 గౌస్ బాషా సంచి దించి కూర్చున్నాడు.

"బాగు చేస్తానన్నా వదినా. కోటేష్ వద్దన్నాడు. బేస్ ఎలాగూ వైరులో మైక్ సెట్టుకి పోతోంది, జనానికి అందులోంచే వినపడుతోంది, దీని మీద ఖర్చెందుకు, కనపడితే చాలు అన్నాడు. సరే, అలాగైతే లోపలున్న ఆ ఇనప అయస్కాంతం, ఆ స్పీకరూ తీసేస్తాను, సగం బరువు తగ్గుతుంది, అన్నకి నడుం పోతోంది అని చెప్పాను. అదీ వద్దన్నాడు."

"ఎందుకు?"

"ఖాళీ బాక్సు తడితే తెలిసిపోతుందంట."

"మరి ఈయన? ఈయనేమన్నాడు?"

గౌస్ బాషా తల దించుకున్నాడు. "అన్నకి కోటేష్ ఒక మాట చెప్పాడు వదినా. బాక్సు మోస్తే పెద్ద ఫిడేలు తెచ్చుకో, ఆ ఒక్క పాటా నీదే. బాక్సు మానితే ఫిడేలు కూడా ఇంట్లో పెట్టుకో, ఆ పాట కీబోర్డులో కొట్టించుకుంటా, అన్నాడు. మీకు చెప్పొద్దని అన్న నా చేత ఒట్టు వేయించుకున్నాడు."

నాలుగేళ్ళు. చచ్చిన బాక్సును మోశాడు. చిలకలూరిపేట, మార్టూరు, అద్దంకి, పర్చూరు, ఏ ఊళ్ళో మెట్లు ఎన్నో నాకు తెలియదు. స్టేజీ ఎక్కి, తన వెనకాల ఎర్ర లైటు వెలిగించుకుని, తను వాయించేది తనకి వినపడకుండా, వేలి కింద తీగ వణకటాన్ని బట్టి వాయించాడు. ఇంటికొచ్చి నా ముందు బోర్లా పడుకున్నాడు. నేను నూనె రాశాను.

ఆ రోజు ఫొటో దగ్గర దీపం పెట్టలేదు. నాకు చెప్పొచ్చుగా? చెబితే ఏం చేసేదాన్ని? ఏదో ఒకటి చేసేదాన్ని. అరిచేదాన్ని. కనీసం ఆయన బదులు నేను అరిచేదాన్ని.

 మూడో రోజున అఖిల, "నేను మాత్రం వాయించటం మానను" అంది, ఏదో నేను మానమన్నట్టు.

"మానమని ఎవరన్నారే? చిన్నది కొందాం పద."

గుంటూరు వెళ్ళాం. పెద్ద ఫిడేలుని కూడా తీసుకెళ్ళాల్సిందేనన్నాను. అఖిల వద్దంది, అంత దూరం కష్టమంది. చీర తీసుకెళ్ళకుండా జాకెట్టు గుడ్డ ఎవరైనా తెస్తారా? ట్రాలీ ఆటో మాట్లాడి, దాన్ని బొంతల మీద పడుకోబెట్టి, పక్కన నేను కూర్చున్నాను. పొన్నూరు దగ్గర టీ తాగటానికి ఆగితే ఒకామె, "ఎవరమ్మా, జబ్బు మనిషా?" అని అడిగింది.

షాపులో కుర్రాడు కాదు, నా వయసే ఉన్న మనిషి. జుట్టుకి రంగు. అఖిల తనకేం కావాలో చెప్పింది. పెళ్ళిలో రెండు బేసులు మార్చి మార్చి వాయించాలి, రెంటికీ ఒకే చిన్న యాంప్లిఫయర్ కావాలి, అందులో రెంటికీ వేరే వేరే మీటలుండాలి.

"ఇది తీసుకోండి మేడమ్. అయిదొందల వాట్లు" అని నడుం ఎత్తు బాక్సు ఒకటి చూపించాడు. "కొడితే పక్క వీధిలో కిటికీ అద్దాలు పగలాలి."

"ఎంత బరువండీ?" అన్నాను.

"బరువుతో ఏం పనమ్మా? వాట్లు చూడాలి."

"మోసేది మీరు కాదుగా. బరువు చెప్పండి."

ఆయన చెప్పలేదు. నేనే వెళ్ళి పిడి పట్టుకుని లేపాను. లేవలేదు.

"ఇది వద్దు" అన్నాను.

తర్వాత ఒకటి దించాడు, చిన్నదే. కరెంటు బేస్‌కి బాగానే ఉంది. పెద్ద ఫిడేలుకి తగిలించగానే ఊళ పెట్టింది. తీగ ముట్టకుండానే దానంతట అదే కూస్తోంది. ఆయన ఏవో మీటలు తిప్పాడు. కూత తగ్గింది, తగ్గేసరికి పాట కూడా తగ్గింది, డబ్బా మీద గరిటతో కొట్టినట్టుంది.

"ఆ పాత వాద్యాలు ఇప్పుడెవరు వాయిస్తున్నారు మేడమ్? మ్యూజియంలో పెట్టాల్సినవి" అని నవ్వాడు.

"మా నాన్న వాయించాడు" అంది అఖిల.

"ఎప్పటిదాకా?"

"మొన్న మార్చిదాకా."

ఆయన నవ్వు ఆగింది. మూడోది తెచ్చాడు. అది ఊళ పెట్టలేదు గానీ దానికి వైరు పెట్టే రంధ్రం ఒకటే. పాట మధ్యలో ఒకదాని వైరు పీకి ఇంకోదానిది పెట్టాలి. కరెంటు బేస్‌కి సరిపోయేలా మీట పెడితే ఫిడేలు వినపడదు, ఫిడేలుకి సరిచేస్తే కరెంటు బేస్ చెవులు చిల్లులు పొడుస్తుంది. ఇద్దరు పిల్లలకి ఒకే కొలత చొక్కా కుట్టించినట్టుంది.

కింది అరలో దుమ్ము పట్టి ఒకటి ఉంది. బియ్యం డబ్బా అంత. "అదేంటండీ?" అన్నాను.

"అది ఇంట్లో వాయించుకోవటానికమ్మా. స్టేజీకి పనికిరాదు. చూడ్డానికేం ఉండదు."

చూడ్డానికి. మళ్ళీ అదే మాట. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "చూడ్డానికి కాదండీ, తియ్యండి" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది.

అఖిల దాని చుట్టూ తిరిగి చూసి, ఇటు రమ్మని పిలిచింది. రెండు రంధ్రాలున్నాయి. దేని మీటలు దానికి. ఫిడేలు వైపు ఒక చిన్న బటను. అది నొక్కితే కూత ఆగిపోతుంది, పాట మిగులుతుంది. వెనకాల మైక్ సెట్టుకి వైరు తీసుకోవటానికి చోటుంది. "హాలంతా వినపడాల్సింది మైక్ సెట్టులోంచి వెళ్తుందమ్మా. ఇది నా పక్కన నాకు వినపడితే చాలు" అంది. వాళ్ళ నాన్నకి నాలుగేళ్ళు లేనిది అదే.

నేను దాని పిడి పట్టుకున్నాను. లేచింది. అలాగే పట్టుకుని షాపు పక్కన మెట్లెక్కటం మొదలుపెట్టాను.

"అమ్మా! అమ్మగారూ! ఎక్కడికండీ? డెమో పీసండీ అది!"

"వస్తానుండండి."

మూడంతస్తులు. అరవై నాలుగు మెట్లు. నాకు యాభై ఒకటి. కుడిచేత్తో పట్టుకుని ఎక్కాను, పైన గోడౌను తలుపు ముట్టుకుని, అదే చేత్తో దిగాను. రెండో అంతస్తు దాటాక మలుపులో ఆగి, గోడ వైపు చూశాను. ఏమీ లేదు, సున్నం. మళ్ళీ నడిచాను. కిందికొచ్చేసరికి ఆయాసం వచ్చింది గానీ మాట్లాడగలిగే ఆయాసమే.

"ఇది ఇవ్వండి" అన్నాను.

"ఒక్కసారి విననా అమ్మా" అంది అఖిల. ఫిడేలుని నిలబెట్టి, లావు తీగ మీటింది. ఇంట్లో మధ్యగదిలో ఆయన వాయిస్తుంటే వంటింట్లో నాకెలా వినపడేదో అలా వచ్చింది. చెక్క వాసన కూడా వచ్చినట్టనిపించింది. నేను మొహం రోడ్డు వైపు తిప్పుకున్నాను.

"అమ్మగారు ఏం చేస్తుంటారండీ?" అని అడిగాడు షాపాయన బిల్లు రాస్తూ.

"ఇంట్లో ఉంటాను" అన్నాను. నా బంగారు గాజులు అమ్మి తెచ్చిన డబ్బు ఇచ్చి వచ్చాం.

మొదటి పెళ్ళి చిలకలూరిపేటలో, కోటేష్ ఆర్కెస్ట్రాతోనే. మూడో మాసికం అయి వారం కూడా కాలేదు. భర్త పోయిన ఆడది ఏడాది లోపు పెళ్ళి మండపం గుమ్మం తొక్కకూడదని మా అత్తగారి చెల్లెలు గోల పెట్టింది. తొక్కాను. వ్యాన్ వచ్చినప్పుడు ఫిడేలూ, గిటారూ, చిన్న యాంప్లిఫయరూ ఎక్కించాం. డ్రైవరు, "బాక్సో?" అన్నాడు. "అది రాదు" అన్నాను. ఇంటికి తాళం వేసి, తాళంచెవి బొడ్లో దోపుకున్నాను.

హాలు రెండో అంతస్తులో ఉంది. లిఫ్టు చుట్టాలకట. నేను స్టేజీ వెనక, కర్టెను పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాను. రాత్రి ఎనిమిదింటికి పెళ్ళికూతురి మేనమామ వచ్చాడు. తెల్ల చొక్కా, యార్డులో కొట్టున్న మనిషి. వచ్చీ రాగానే వేలెత్తాడు.

"అయిదు, ఆరు, ఏడు. ఏమయ్యా కోటేషూ, ఎనిమిదోది ఏదీ?"

కోటేష్ అప్పుడే చూశాడు.  అయినా నవ్వి, అఖిల పక్కనున్నదాన్ని చూపించాడు. "ఇదిగోనండీ. కొత్త మోడలు."

"ఇది బాక్సా? మా చిన్నది బడికి పట్టుకెళ్ళే క్యారేజీ ఇంతకన్నా పెద్దదయ్యా!"

అందరూ నవ్వారు. అఖిల నవ్వలేదు. "ఒక్కసారి వినండి బాబాయిగారూ" అని వాయించింది. ఆయన చివరిదాకా విన్నాడు. తల కూడా ఊపాడు.

"బ్రహ్మాండంగా ఉందమ్మా. కానీ నేనడిగేది వినటం గురించి కాదు. మా వియ్యంకుడు వాళ్ళ పెద్దబ్బాయి పెళ్ళికి ఎనిమిది పెట్టాడు. వచ్చి లెక్కపెడతాడు."

"ముహూర్తం లోపు వచ్చేస్తుందండీ" అన్నాడు కోటేష్. "ఆటో పంపిస్తా, చీరాలేగా. అఖిలా, మీ అమ్మనడిగి తాళంచెవి ఇప్పించు. మెట్ల దగ్గర ఇద్దరు కుర్రాళ్ళు పడతారు, నువ్వో కొస పట్టుకుంటే చాలు."

నేను కర్టెను పక్కకి జరిపి బయటికి వచ్చాను.

"వదినా" అన్నాడు కోటేష్ గొంతు తగ్గించి. "శుభకార్యం. మీరు ముందుకి రాకూడదు. వెనక కూర్చోండి."

ఇంకో నాలుగడుగులు ముందుకేశాను. మండపం దగ్గర పూలు కడుతున్నవాళ్ళు కూడా చేతులాపారు.

"తాళంచెవి ఇవ్వను" అన్నాను. "ఎనిమిదోది మా ఆయన మోసేవాడండీ. మార్చి నెలలో నరసరావుపేటలో, ఇలాంటి పెళ్ళిలోనే, మెట్ల మీద పోయాడు. ఆ బాక్సు నాలుగేళ్ళుగా పలకదు. లోపల కాలిపోయింది. పలకని బాక్సును మీ అందరి లెక్క కోసం మోయించాడు ఇతను."

మేనమామ కోటేష్ వైపు తిరిగాడు. "ఏమయ్యా! పనిచెయ్యని బాక్సుని లెక్కలో చెప్పావా నాకు? ఎంత మోసం!"

ఆయనకి అర్థమైంది అది. నాకు ఒళ్ళు మండిపోయింది.

"మీరూ ఆగండి" అన్నాను. "మోసమైంది మీకా? ఇప్పుడే పిల్ల వాయిస్తే బ్రహ్మాండమన్నారు. అదే నోటితో ఎనిమిదోది ఏదని అడిగారు. మీరు లెక్కపెట్టబట్టే ఇతను మోయించాడు. ఇతను మోయించబట్టే ఆయన పోయాడు. మీ వియ్యంకుడొస్తే చెప్పండి, ఎనిమిదోది మోసేవాడు లేడని."

 కీబోర్డు వాయించే అబ్బాయి, డ్రమ్ములాయన, ఇద్దరూ నేల చూశారు. వాళ్ళకి కూడా తెలుసని అప్పుడు నాకు తెలిసింది. అందరికీ తెలుసు. నాకు తప్ప.

"నీకు తెలుసుగా బాబాయ్" అంది అఖిల కోటేష్‌తో. అడగటం కాదు, అనటమే.

 "మీ నాన్నకీ తెలుసు కదమ్మా" అన్నాడు కోటేష్.

 ఆ మాట నిజం. ఇప్పటికీ పొద్దున్నే లేవగానే అదే గుర్తొస్తుంది, అదే మండిస్తుంది.

అఖిలే జవాబు చెప్పింది. "నాన్న చెయ్యనన్న పని ఒక్కటీ లేదు బాబాయ్. అందుకే నాన్న చేత చేయించావు. నేను చెయ్యనంటున్నాను. వాయించమంటే వాయిస్తా. మొయ్యమంటే ఇప్పుడే దిగిపోతా. పెళ్ళికూతురొచ్చేటప్పుడు పాట నువ్వు కొట్టించుకో, కీబోర్డులో."

ఈలోపు లోపల్నించి ఎవరో ఆడమనిషి, "అన్నయ్యా, అమ్మాయిని తీసుకొస్తున్నాం, పాట పెట్టించు!" అని కేకేసింది. మేనమామ జేబురుమాలుతో మెడ తుడుచుకున్నాడు. నా వైపు చూడకుండా, "కానివ్వండయ్యా, కానివ్వండి" అని స్టేజీ మెట్లు దిగిపోయాడు.

అఖిల పెద్ద ఫిడేలు ఎత్తుకుంది. పెళ్ళికూతురు ఎర్రంచు మధుపర్కాల్లో నడిచొచ్చింది. నేను స్టేజీ మీదే, అందరికీ కనపడేచోట నిలబడి విన్నాను. ఎవరూ వెనక్కి వెళ్ళమనలేదు. అనుంటే ఏం చేసేదాన్నో.

భోజనం చెయ్యలేదు. సామాను సర్దుతుంటే కోటేష్ వచ్చాడు. "ఇక మిమ్మల్ని పిలవటం కష్టం వదినా."

"పిలవకు" అన్నాను.

 చీరాలలో ఇల్లొచ్చాక చెప్పులు విడుస్తూ అఖిల అంది, "నువ్వన్నదంతా నిజమే. ఇప్పుడు నేనెక్కడ వాయించాలో కూడా చెప్పు మరి."  వచ్చే సీజను దాకా ఒప్పుకున్న పెళ్ళిళ్ళన్నీ కోటేష్‌వే. అరవటానికి ముందు ఆ సంగతి నాకు తట్టకపోలేదు. తట్టే అరిచాను.

మర్నాడు పొద్దున అఖిల ఫోన్ పట్టుకుని కూర్చుంది. బాపట్లలో ఒక ఆర్కెస్ట్రాకి చేసింది. రెండు బేసులూ వాయిస్తానని చెప్పి, వెంటనే, "నాది చిన్న యాంప్లిఫయరండీ. బాక్సు లెక్కకి నన్ను కలపొద్దు" అంది. అవతల మనిషి నవ్వి పెట్టేశాడు. గుంటూరులో ఇంకొకరికి చేసింది. ఆయన ఆలోచించి చెప్తానన్నాడు. అంటే లేదని. నేను వంటింట్లో కందిపప్పు వేయిస్తున్నాను. మాడుతున్నా గరిట తిప్పలేదు.

మూడోది ఒంగోలు. అక్కడ ఫెబా అనే ఆవిడ పెళ్ళిళ్ళకీ, చర్చి పండుగలకీ పాటల బృందాన్ని నడుపుతుందట. అఖిల అదే ముక్క చెప్పింది, అప్పజెప్పినట్టు, గొంతులో జీవం లేకుండా. చెప్పి, పెట్టేస్తారేమోనని ఆగింది. అవతల నుంచి ఆవిడ గొంతు నాకూ వినపడింది.

"నిలబెట్టి వాయించేది నిజంగా ఉందా మీ దగ్గర? దాని మీద ఏమేం పాటలొచ్చు?"

అఖిల నా వైపు చెయ్యి చూపించి, పొయ్యి ఆపమని సైగ చేసి, గోడకి ఆనుకుని ఒక్కొక్క పాట పేరే చెప్పటం మొదలుపెట్టింది.